వంద దాకా అప్పజెప్పే బాబు ఐదు పెన్సిళ్లు ఎందుకు తేలేకపోతున్నాడు?

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ చెబుతున్నాను. ప్రీ ప్రైమరీ ట్రైనింగ్‌లో పియాజే, వైగోట్‌స్కీ, మాంటిస్సోరి, ఎరిక్‌సన్ అని పిల్లలు ఎలా ఎదుగుతారో, ఎలా నేర్చుకుంటారో చెప్పిన నలుగురినీ చదివాను, మార్కులూ బాగానే వచ్చాయి. క్లాసులో 32 మంది పిల్లలు, నాలుగేళ్లు నిండినవాళ్లు. సాయానికి ఒక ఆయమ్మ ఉంటుంది. దసరా సెలవుల్లోపు అందరితో 1 నుంచి 100 రాయించాలని మేనేజ్‌మెంట్ అంటోంది. ఒక బాబు వన్, టూ, త్రీ అంటూ వంద దాకా గడగడా చెప్పేస్తాడు. ఐదు పెన్సిళ్లు తెచ్చిపెట్టమంటే మాత్రం గుప్పెడు పట్టుకొస్తాడు. వాళ్లింట్లోనేమో "మావాడికి అన్నీ వచ్చు" అంటారు. నేను చదివిన సిద్ధాంతాల్లో ఇక్కడ ఏది వాడాలి? అసలు క్లాసులో ఇవి పనికొస్తాయా?

జవాబు: పనికొస్తాయి టీచర్‌గారూ. నలుగురిలో ఒకరినే ఎంచుకోవలసిన పని కూడా లేదు, ఎందుకంటే వాళ్లు పిల్లల్లో చూసింది ఒకే విషయం కాదు. పరీక్ష పుస్తకాల్లో ఈ సిద్ధాంతాలు వయసుల పట్టికలుగా మిగిలిపోతాయి. క్లాసులో అవి పిల్ల చేసే పనిని చూసి మనం వేసుకోవలసిన ప్రశ్నలు. అన్ని విషయాలూ ఎత్తుకుంటే ఏదీ తేలదు కాబట్టి మీ బాబు పెన్సిళ్ల సంగతి ఒక్కటే పట్టుకుందాం.

ముందు ఆ బాబుకు వచ్చిందేమిటో గుర్తిద్దాం. వంద దాకా చెప్పడం వృథా కాదు. లెక్కపెట్టడం అంటే పిల్లలు ఏమేం తెలుసుకోవాలో రోచెల్ గెల్‌మన్, రాండీ గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో ఐదు సూత్రాలుగా విడదీశారు. ఒక్కో వస్తువుకు ఒక్కో మాట. మాటల వరస ఎప్పుడూ మారకూడదు. చివరి మాటే మొత్తం. దేన్నయినా లెక్కపెట్టవచ్చు. ఏ చివర నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. మీ బాబు దగ్గర రెండోది గట్టిగా ఉంది. మూడోది ఇంకా కుదరలేదు. "ఐదు" అన్నది అతనికి నాలుగు తర్వాత పలికే మాట, కళ్లముందున్న ఇన్ని వస్తువులకు పేరు కాదు. ఆ స్థితిలో వంద దాకా రాయించినా అతను వంద బొమ్మలు గీసినట్టే.

ఇది తేల్చుకోవడానికి "ఎన్ని ఉన్నాయి?" అని అడిగితే చాలదు. లెక్కపెట్టాక చివరి మాట మళ్లీ చెబితే టీచర్ ఊరుకుంటుందని పిల్లలు త్వరగా పట్టేస్తారు. తీసి ఇమ్మని అడగాలి. కారెన్ విన్ 1990ల మొదట్లో చిన్నపిల్లల మీద చేసిన పరిశోధనల్లో వాడిన పద్ధతి ఇది. ఖర్చు లేదు, పిల్లకు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది.

ఒకే రకం సీసా మూతలు 15, ఒక స్టీలు ప్లేటు తీసుకోండి. చింతగింజలు, వేరుశనగ గింజలు వద్దు, ఈ వయసులో ఇంకా ముక్కులో, నోట్లో పెట్టుకుంటారు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మూతలన్నీ కుప్పగా పోసి "ఈ ప్లేటులో ఒకటి పెట్టమ్మా" అనండి. పెట్టాక "ఒకటేనా?" అని ఒక్కసారి అడగండి. సరిగా ఇస్తే తర్వాత మూడు అడగండి, తప్పితే రెండుకు దిగండి. అలా సరైతే పైకి, తప్పైతే కిందికి. ప్రతిసారీ మూతల్ని మళ్లీ కుప్పలో కలిపేయాలి. లేకపోతే ప్లేటులో ఉన్నవాటికి ఒకటి చేర్చి ఇచ్చేస్తారు, మీరు తెలుసనుకుంటారు. ఒక సంఖ్యను మూడుసార్లు అడిగితే రెండుసార్లు సరిగా ఇవ్వాలి, వేరే సంఖ్య అడిగినప్పుడు అదే తెచ్చి ఇవ్వకూడదు. అప్పుడే ఆ సంఖ్య వచ్చినట్టు. మధ్యలో "వెరీ గుడ్" అనకండి, తల ఊపకండి. పిల్లలు మూతల్ని వదిలేసి మన మొహం చదవడం మొదలెడతారు.

ఇంకో జాగ్రత్త. మొదటిసారి ఇంటి భాషలో అడగండి. తెలుగులో ఆరు తీసివ్వగల పిల్ల "సిక్స్" అంటే బిక్కమొహం వేయవచ్చు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో ఒడియా ఉంటుంది, ఏజెన్సీ పిల్లలకు సవర ఉంటుంది. వాళ్లకు రానిది లెక్కా, భాషా అన్నది విడిగా తేలాలి. రోజుకు నలుగురైదుగురి చొప్పున చూసుకుంటే పది రోజుల్లోపే క్లాసంతా అయిపోతుంది. పేరు, తేదీ, ఏ భాషలో ఎంతవరకు ఇచ్చింది అన్న ఈ మూడే రాసుకోండి.

రాసుకున్నది చూస్తే పిల్లలు గుంపులుగా కనిపిస్తారు. కొందరికి ఒకటే తెలుసు, రెండు అడిగినా పది అడిగినా గుప్పెడే. కొందరికి రెండు దాకా, కొందరికి మూడు దాకా. ఈ మెట్లన్నీ వరసగానే వస్తాయి, ఒక్కో మెట్టుకు నెలలు పట్టవచ్చు. మూడో నాలుగో వచ్చాక ఒక పెద్ద మలుపు ఉంటుంది. ఎంత అడిగినా లెక్కపెట్టి ఆపి ఇవ్వడం అక్కడి నుంచి మొదలవుతుంది. చాలామందికి అది మూడున్నర, నాలుగేళ్ల ప్రాంతంలో వస్తుంది. ఇంట్లో "రెండు గ్లాసులు తే", "మూడు అరటిపళ్లు ఉన్నాయి" లాంటి మాటలు తక్కువగా వినే పిల్లలకు ఇంకాస్త ఆలస్యం. నాలుగేళ్ల పిల్ల రెండు దగ్గరే ఉంటే మందబుద్ధి అనుకోకండి, ఆ పిల్లకు మూడు నేర్పే సమయం వచ్చిందంతే.

ఇక్కడే వైగోట్‌స్కీ పనికొస్తారు. 38 ఏళ్లు నిండకుండానే 1934లో పోయిన ఆయన వదిలివెళ్లిన ఆలోచనల్లో మీరు సామీప్య వికాస మండలం పేరుతో చదివింది చాలా స్పష్టమైన సంగతి. పిల్ల ఒంటరిగా చేయగలిగినదానికీ, పక్కన తెలిసినవాళ్లు ఉంటే చేయగలిగినదానికీ మధ్య జాగా అది. రెండు దాకా వచ్చిన పిల్లకు ఆ జాగాలో ఉన్నది మూడు. యాభై కాదు. కష్టమైన హోంవర్క్ ఇవ్వడానికి ఈ మాటను సాకుగా వాడేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆయన చెప్పినది సాయం గురించి, బరువు గురించి కాదు.

రెండు దగ్గరున్న గుంపుతో మూడు ఇలా చేయండి. ముందు మొత్తాన్ని చెప్పి, ఆ వెంటనే లెక్కపెట్టండి: "ఇవిగో మూడు మూతలు. ఒకటి, రెండు, మూడు." ఉత్తినే లెక్కపెట్టడం కంటే ఇలా మొత్తం, లెక్క పక్కపక్కనే వినిపిస్తే చివరి మాటకూ గుంపుకూ ఉన్న సంబంధం పిల్లలకు తొందరగా అందుతుంది. మూడు కానిదీ చూపించాలి: "ఇవి మూడు, ఇవి మూడు కాదు." మూతలు, చెప్పులు, చప్పట్లు, గెంతులు, అన్నింట్లోనూ మూడు రావాలి. ఒక్క మూతలతోనే చేస్తే మూడు అంటే మూతలే అనుకునే పిల్లలుంటారు.

సాయం ఎంత చేయాలన్నది ఇంకో ప్రశ్న. పిల్ల ఆగిపోతే మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకునే దాకా మీరు మాట్లాడకండి. అప్పటికీ కదలకపోతే ప్లేటు వైపు వేలు చూపండి. ఆ తర్వాత మొదటి మూత మీరు వేసి "ఒకటి..." అని ఆపండి. చివరగా చెయ్యి కలిపి ఇద్దరూ చేయండి. ఏ మెట్టు దగ్గర పని జరిగిందో గుర్తు పెట్టుకుని మర్నాడు దానికంటే ఒక మెట్టు తక్కువ సాయం చేయండి. ఊతం (స్కాఫోల్డింగ్) అనే మాటను ఈ అర్థంలో 1976లో వుడ్, బ్రూనర్, రాస్ వాడారు. అందులో ముఖ్యమైన భాగం ఊతం తీసేయడమే. క్లాసుల్లో ఎక్కువగా మరిచిపోయేది కూడా అదే.

లెక్కపెట్టేటప్పుడు వచ్చే తప్పుల్ని విడిగా చూడండి, అవి చాలా చెబుతాయి. మన అంకెల్లో ఒక్కక్షరం మాట ఒక్కటీ లేదు. ఒ-క-టి మూడక్షరాలు, ఎ-ని-మి-ది నాలుగు. కొందరు పిల్లలు అక్షరానికొక మూత ముట్టుకుంటూ పోతారు, ఎనిమిది అనే ఒక్క మాటకే నాలుగు మూతలు దాటేస్తారు. ఇది మాటా చెయ్యీ కలవని తప్పు, లెక్క రాకపోవడం కాదు. వేలితో చూపించడం మాన్పించి, మూతను ఒక్కొక్కటిగా స్టీలు గ్లాసులో వేయించండి. టింగుమన్నప్పుడే మాట చెప్పాలి. కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. ఇంకో తప్పు, లెక్కపెట్టినదాన్నే మళ్లీ లెక్కపెట్టడం. మూతల్ని గుండ్రంగా కాకుండా వరసలో పెడితే, లేదా ఎడమ పళ్లెం నుంచి కుడి పళ్లెంలోకి మార్పిస్తే అది తగ్గుతుంది. వామనగుంటలు ఈ పనికి చక్కటి ఆట. పద్నాలుగు గుంటలు వద్దు, ఈ వయసుకు నాలుగు గుంటలు, గుంటకు మూడు పెద్ద గవ్వలు చాలు. గుంటకు ఒకటి జారవిడుస్తూ పోవడమే ఒక్కోదానికి ఒక్కోటి అన్న సూత్రం.

ఇక పియాజే. ఆరు మూతలు ఒక వరస, దాని కింద ఆరు మూతలు ఇంకో వరస సమానంగా పెట్టి, రెండోదాన్ని పిల్ల చూస్తుండగా దూరం దూరంగా జరిపితే ఎల్‌కేజీ పిల్లల్లో ఎక్కువమంది పొడుగు వరసలో ఎక్కువ ఉన్నాయంటారు. ఇది మీరు పదిలపరచుకునే భావన (వస్తువుల్ని జరిపినా వాటి సంఖ్య మారదన్న ఎరుక) లేకపోవడం అని చదివే ఉంటారు. క్లాసుకు దీని అర్థం ఒకటే. కంటికి పొడుగ్గా కనిపించేది ఈ వయసులో లెక్కను ఓడిస్తుంది. కాబట్టి ఎక్కువ తక్కువలు నేర్పేటప్పుడు బొమ్మలు ఒకే సైజులో, ఒకే ఎడంతో ఉండాలి. వర్క్‌బుక్కుల్లో మూడు పెద్ద ఏనుగులు, ఐదు చిన్న చీమలు వేసి "ఏవి ఎక్కువ?" అని మొదటి వారంలోనే అడుగుతారు. ఆ పేజీ తర్వాతకు వాయిదా వేయండి.

పియాజే చెప్పినదాన్ని పట్టుకుని "ఏడేళ్ల దాకా ఏమీ నేర్పకూడదు" అనేవాళ్లూ ఉన్నారు. అది సరి కాదు. 1974లో మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఇదే పరీక్షను కొద్దిగా మార్చి చేశారు. వరసను పెద్దవాళ్లు జరపకుండా, ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చేస్తే, నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో చాలా ఎక్కువమంది రెండూ సమానమే అన్నారు. పెద్దవాళ్లు కావాలని ఒకటి మార్చి, మళ్లీ అదే ప్రశ్న వేస్తే, జవాబు మారాలేమో అని పిల్లలు అనుకోవడం దీనికి ఒక కారణం. ఇది మీకు రోజూ పనికొచ్చే సంగతి. పిల్ల "ఐదు" అని సరిగ్గా చెప్పాక మీరు "ఎంతా?" అని గట్టిగా రెట్టిస్తే "ఆరు" అంటుంది. రెట్టించకండి. "ఎలా తెలిసింది? నాకు చూపించు" అనండి. తప్పు చెప్పినప్పుడే కాదు, సరిగా చెప్పినప్పుడు కూడా అదే మాట అనాలి. లేకపోతే ఆ ప్రశ్నకే తప్పు అన్న అర్థం వచ్చేస్తుంది.

రాయడం దగ్గరకొద్దాం, మీ మేనేజ్‌మెంట్ ఒత్తిడి అంతా అక్కడే. అంకె అర్థం కావడం ఒక దారి, చెయ్యి సిద్ధం కావడం వేరే దారి. సుమారుగా మూడేళ్లకు గుండ్రం చూసి గీస్తారు, నాలుగేళ్లకు కూడిక గుర్తు, నాలుగున్నర అయిదేళ్ల మధ్య చతురస్రం, ఆ ప్రాంతంలోనే ఏటవాలు గీతల ఇంటూ గుర్తు. త్రిభుజం ఐదు దాటాకే. 4, 7 అంకెలకు, ఏ, కే, ఎమ్ లాంటి ఇంగ్లిష్ అక్షరాలకు ఏటవాలు గీత కావాలి. అది రాని చేతికి రోజుకు రెండు పేజీలు ఇస్తే పిల్లలు పెన్సిల్‌ను పిడికిలితో బిగించి, భుజంతో రాస్తారు. ఆ పట్టు తర్వాత మార్చడం కష్టం. కాబట్టి తెల్ల కాగితం మీద గుండ్రం, కూడిక, ఇంటూ గుర్తులు వేసి చూపి, చూసి వేయమనండి. మూడూ వేసినవాళ్లు పెన్సిల్‌తో అంకెలు మొదలుపెట్టవచ్చు. మిగతావాళ్లకు ముందు చేతి పని.

ఆ చేతి పనికి మాంటిస్సోరిని మించినవారు లేరు. ఆమె రోమ్‌లోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో 1907లో మొదటి బడి తెరిచారు, 1939లో మద్రాసు అడయారు వచ్చి మన టీచర్లకు శిక్షణ ఇచ్చారు. గరుకు కాగితంతో కత్తిరించి అట్టమీద అంటించిన అంకెలు ఆమె సామగ్రిలో చవకైనవి. అంకె అరచేయంత ఎత్తు ఉండాలి. చూపుడువేలు, నడిమి వేలు కలిపి, రాసే దిశలోనే తడమాలి. పాఠం మూడు అంచెలు. మొదట "ఇది రెండు, ఇది మూడు" అని మీరే చెప్పాలి. తర్వాత "మూడు ఏది? చూపించు." చివర్లో వేలు పెట్టి "ఇదేమిటి?" రెండో అంచెలో తడబడితే మూడోదానికి వెళ్లవద్దు, మొదటిదానికి తిరిగి రండి, లేదా ఆరోజుకు ఆపేయండి. మనవాళ్లు తిన్నగా మూడో అంచెతో మొదలెట్టి "ఇదేంటి చెప్పు" అంటారు. అప్పుడు అది పాఠం కాదు, పరీక్ష.

ముగ్గుపిండి చిటికెడు తీసి చుక్కలు పెట్టించడం, గీత పోయించడం వేళ్లకు చాలా మంచిది. చాక్‌పీసు విరిచి రెండు సెంటీమీటర్ల ముక్క ఇవ్వండి. పిడికిలితో పట్టుకునే వీలుండదు, మూడు వేళ్లు వాటంతటవే వస్తాయి. పలక గోడకు ఆనించి నిలబడి రాస్తే మణికట్టు సరైన వంపులో ఉంటుంది. 3, 7 అద్దంలో చూసినట్టు తిరగేసి రాయడం ఆరేళ్ల దాకా మామూలే, ఎర్ర ఇంటూ కొట్టకండి.

ఆ ఎర్ర ఇంటూ దగ్గరే ఎరిక్‌సన్ గుర్తు రావాలి. మూడు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లల పని చొరవ చూపడం. తానే మొదలుపెట్టాలి, తానే చేసి చూడాలి. మీ బాబు గుప్పెడు పెన్సిళ్లతో పరుగెత్తుకొచ్చాడంటే చొరవ ఉంది. "అయ్యో, ఐదంటే ఇన్నా?" అని నలుగురి ముందు అంటే రేపటి నుంచి లేవడు. "తెచ్చావా, ఇటు పెట్టు. ఐదు తీసుకుందాం రా" అని కలిసి తీసుకుంటే తప్పూ దిద్దుకుంటుంది, పరుగూ ఆగదు. చేతిమీద స్టార్ వేసే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బొమ్మలు వేయడం ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు ముందే సర్టిఫికెట్ ఇస్తామని ఆశ చూపి బొమ్మలు వేయిస్తే, తర్వాత ఆటవేళలో వాళ్లు బొమ్మలతో గడిపిన సమయం మిగతా పిల్లలతో పోలిస్తే సగానికి పడిపోయిందని లెపర్, గ్రీన్, నిస్బెట్ 1973లో చూపించారు. వాళ్లకు ఇష్టంగా ఉన్న పనికి స్టార్ ఎర వేయకండి.

32 మందితో ఇదంతా ఎలా అంటారా? ఎనిమిదేసి మంది నాలుగు గుంపులు, 20 నిమిషాల చొప్పున. మీరు కదలకుండా మూతల చాప దగ్గర కూర్చోండి, గుంపులు మారతాయి. రెండో చోట ముగ్గుపిండి ట్రేలు, గరుకు అంకెలు. మూడో చోట కిరాణా కొట్టు ఆట: ఖాళీ డబ్బాలు, కాగితం సంచులు, ఒకరు కొట్టువాడు, మిగతావాళ్లు కొనేవాళ్లు, "మూడు సబ్బులు ఇవ్వండి." నాలుగో చోట చెక్క దిమ్మలు. ఆయమ్మ మూడు, నాలుగు చోట్ల మధ్య ఉండాలి. మొదటి వారం లెక్కలు పెట్టుకోవద్దు. ఎక్కడ కూర్చోవాలి, సామాను ఎక్కడ సర్దాలి, గంట మోగితే ఎటు జరగాలి, ఇవే ఆ వారం పాఠం. ఈ వారాన్ని దాటేస్తే రెండో రోజుకే గోల, మూడో రోజుకు మళ్లీ అందరూ వరసలో కూర్చుని కాపీ రాయడం. ఎక్కువ స్కూళ్లలో ఇది ఆగిపోయేది ఇక్కడే.

ఐదు దాకా తీసివ్వగలిగిన పిల్లలకు ఒక బోర్డు చేయండి. అర మీటరు అట్ట, ఎడమ నుంచి కుడికి తిన్నగా పది గళ్లు, 1 నుంచి 10. తిప్పే చక్రం మీద 1, 2 మాత్రమే. అమెరికాలో పేద కుటుంబాల ప్రీస్కూల్ పిల్లలతో రమణి, సీగ్లర్ 2008లో ఇలాంటి ఆటనే 15 నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆడించారు. అంకెల జ్ఞానం పెరిగింది, తొమ్మిది వారాల తర్వాత కూడా నిలిచింది. ఇదే ఆటను అంకెల బదులు రంగులతో ఆడినవాళ్లకు ఆ లాభం రాలేదు. ఒక నియమం తప్పకూడదు. పావు 5లో ఉండి 2 పడితే "ఒకటి, రెండు" అనకూడదు, గళ్ల పేర్లు చదవాలి: "ఆరు, ఏడు." వైకుంఠపాళి వంకర్లు, పాములు ఈ వయసుకు ఇంకా తొందర.

పది దాటాక తెలుగు లెక్క ముందు చెప్పండి. పదమూడులో పది ముందు వినబడుతుంది, 13లోనూ ఒకటే ముందు. ఇరవై నాలుగు, ముప్పై ఐదు కూడా విన్న వరసలోనే రాస్తాం. థర్టీన్‌లో మూడు ముందు వినిపించి 31 రాసే పిల్లలు మీ క్లాసులో తప్పకుండా ఉంటారు. ఇంగ్లిష్ మాటలు పక్కనే చెప్పండి, కానీ అర్థం తెలుగు మీద నిలబడనివ్వండి.

కొందరి విషయంలో మాత్రం ఎదురుచూడకండి. ఐదేళ్లు నిండబోతూ, ఇలా మూడు నాలుగు నెలలు ఆడాక కూడా రెండు మూతలు తీసివ్వలేకపోతే, పేరు పిలిస్తే తిరగకపోతే, చిన్న వాక్యాలు కూడా మాట్లాడకపోతే, వచ్చిన మాటలు పోతే, ముందు చెవి పరీక్ష, చూపు పరీక్ష చేయించమనండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పిల్లలను చూసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉంటాయి, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే చెబుతారు. తల్లిదండ్రులతో జబ్బు పేరు అనకండి, మీరు రాసుకున్న కాగితం ఇచ్చి పంపండి.

మేనేజ్‌మెంట్‌తో గొడవ పడి లాభం లేదు, వాళ్లకు చూపించడానికి ఏదో ఒకటి కావాలి. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలే ఉండకూడదంటుంది, బోధన ఆటతో సాగాలంటుంది. ఆ పేజీ ముద్రించి తీసుకెళ్లండి. దాంతోపాటు ఒక ప్రతిపాదన పెట్టండి. దసరాకు నోటితో వంద దాకా, ప్రతి పిల్లకూ ఎన్ని మూతలు తీసివ్వగలదో రాసిన కాగితం, చెయ్యి సిద్ధమైనవాళ్లకు 1 నుంచి 10 రాత. సంక్రాంతికి 20. పేరెంట్స్ మీటింగ్‌లో ప్రతి తల్లిదండ్రుల ముందూ ప్లేటు, మూతలు పెట్టి వాళ్లనే అడగమనండి, ముందు రోజు ఆ పిల్ల సరిగ్గా ఇచ్చిన సంఖ్యతోనే మొదలుపెట్టించండి. మీ బాబు వాళ్ల నాన్నకు మూడు తీసి ఇవ్వగలిగితే, "వచ్చే నెల నాలుగు, ఐదు. ఇంట్లో పళ్లేల దగ్గర, చెప్పుల దగ్గర ఇలా అడగండి" అని ఆయనకు పని చెప్పండి.